మూడో చుట్టు

నవంబరు 19, మంగళవారం. బోధన్ దాటాక చెరకు తోటల నడుమ ఒక ఊరు. బడి వెనక నీళ్ల ట్యాంకు కట్టే జాగ.

ఉన్నవాళ్ళు: నేను, నేల పరీక్షల సూపర్వైజర్‌ను. సాయిలు, తాడు మనిషి. గంగారాం, దెబ్బలు లెక్కపెట్టే మనిషి, సాయిలుకు స్వంత బావ. రజిత, బాల్కొండ నుంచి వచ్చిన కొత్త ఇంజనీరు, పనిలో చేరి మూడు వారాలు. శిందే, ట్యాంకు కట్టే కాంట్రాక్టరు తరఫు ఇంజనీరు. గుంతలో ఇనుము కట్టే పనివాళ్ళు తొమ్మిది మంది.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ముప్పై ఏళ్లకు పైగా ప్రతి పేజీనీ ఇలాగే మొదలుపెట్టాను. తేదీ, జాగ, ఎవరెవరు ఉన్నారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఏమైనా రాసి ఇవ్వమని రజిత అడిగినప్పుడు డైరీలన్నీ దించి మంచం మీద పరిచాను. చాలా పేజీల్లో బోరు లోతులు, వానలు, చెడిపోయిన ఇంజన్లు తప్ప ఏమీ లేవు. వాటిని వదిలేశాను. ఈ ఒక్క పేజీ మాత్రం వదలబుద్ధి కాలేదు, ఎందుకంటే ఇందులో తప్పు నాది.

మేము చేసే పని

ట్యాంకో గోదామో కట్టాలంటే కింద మట్టి ఎంత బరువు మోస్తుందో ముందు తెలియాలి. దానికి బోరు వేస్తాం. బోరు అడుగున ఒక బోలు గొట్టం పెట్టి, దాని పైన రాడ్లు బిగించి, రాడ్డు తల మీది ఇనుప దిమ్మెను బరువుతో కొడతాం. ఆ బరువును మేం గుండు అంటాం. అరవై మూడున్నర కిలోలు. డెబ్బై అయిదు సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి, అంటే రెండున్నర అడుగులు. మొదటి అర అడుగు దిగడం లెక్కలోకి రాదు. ఆ తర్వాతి అడుగు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో అదే ఆ లోతుకు అంకె. ఎక్కువ దెబ్బలు తింటే గట్టి నేల, తక్కువకే దిగితే మెత్తని నేల. పునాది ఎంత వెడల్పు ఉండాలో ఆ అంకె చెబుతుంది.

గుండును ఎత్తేది డీజిల్ ఇంజనుకు బిగించిన డ్రమ్ము. గుండుకు కట్టిన తాడు ఇనుప ముక్కాలి మీది గిరక మీదుగా వచ్చి తిరుగుతున్న డ్రమ్ముకు రెండు చుట్లు చుట్టుకుని తాడు మనిషి చేతిలోకి వస్తుంది. అతను కొస లాగితే తాడు డ్రమ్మును కరుచుకుంటుంది, గుండు లేస్తుంది. వదులు చేస్తే తాడు జారుతుంది, గుండు పడుతుంది. చెప్పడానికి ఇంతే.

నాకు ఈ పని నేర్పింది రమణ సార్. నిజామాబాద్‌లో మా ల్యాబు ఆయనదే. చేరిన మొదటి వారం ల్యాబు వాకిట్లో ఒక ఇటుక పెట్టించి, దాని మీద గుండును మెల్లగా కూర్చోబెట్టించారు. ఇటుక చెక్కుచెదరలేదు. తర్వాత మోకాలెత్తు నుంచి వదలమన్నారు. ఇటుక పిండి అయింది.

"బరువు పెరిగిందా?" అని అడిగారు.

"లేదు సార్."

"మరి ఇటుకను పిండి చేసింది ఏంది?"

నేను ఎత్తు అన్నాను.

"ఎత్తుల దాసిపెట్టిన బలం పడేటప్పుడు వేగమైతది. గా వేగమే కొడ్తది. నడుమ ఎవరన్న పట్టుకుంటే పట్టుకున్నంత తక్కువ కొడ్తది. నువ్వు గుండును సూడకు. పడుడును సూడు."

ఈ మాట నేను కనీసం నలభై మందికి చెప్పి ఉంటాను. చెప్పీ చెప్పీ, చూడడం మానేశాను. అనుభవం అంటే మనం చాలా గొప్పగా చెప్పుకుంటాం గాని, చెప్పగలిగింది చేస్తున్నాం అనుకోవడం కూడా అనుభవం తెచ్చే రోగమే.

గంగారాం వేలు

ఆ ఏడు జూలైలో నవీపేట్ దగ్గర గోదాము జాగలో పని. సన్న వాన. గుండు పైన ఉండగా గంగారాం రాడ్డు మీద సుద్దతో గీత పెట్టడానికి ఎడమ చెయ్యి దిమ్మె పక్కన పెట్టాడు. తడి తాడు డ్రమ్ము మీద జారింది. సాయిలు పట్టుకున్నాడు గాని ఆపలేకపోయాడు. గంగారాం చిటికెన వేలు కొన పోయింది.

ఆసుపత్రిలో గంగారాం ఏడవలేదు. సాయిలు ఏడ్చాడు. ఎనిమిది రోజులు పనికి రాలేదు. తొమ్మిదో రోజు వచ్చి తాడు ముట్టుకోకుండా నిలబడ్డాడు. అప్పుడు నేను అతనికి ఒక మాట చెప్పాను. డైరీలో ఆ మాట ఇలా ఉంది: "సాయిలు పనికొచ్చిండు. రెండు చుట్లు జారుతున్నయి, ఇకనుంచి మూడు వెయ్యమని చెప్పిన. పట్టు విడువకు అన్న. ధైర్యం వచ్చింది." కింద ఒక గీత కూడా గీసుకున్నాను, మంచి పని చేసిన రోజుల్లో గీసే గీత.

ఇప్పుడు ఆ పేజీ చూస్తే తప్పు ఎంత తేలిగ్గా జరిగిందో తెలుస్తుంది. వేలు పోయింది చెయ్యి అక్కడ ఉన్నందుకు. చెయ్యి అక్కడ ఉండకుండా చెయ్యాల్సింది పోయి నేను తాడును బిగించాను. మూడో చుట్టుతో తాడు పట్టు పెరిగింది నిజమే. గుండు పడేటప్పుడు కూడా ఆ పట్టు అలాగే ఉంటుందని నాకు తోచలేదు.

తోచడానికి గుర్తు మా కళ్ళ ముందే ఉంది. వానలు తగ్గాక మధ్యాహ్నం అన్నం వేళ గంగారాం జొన్నరొట్టెలను డ్రమ్ము మీద వేసి వెచ్చబెట్టడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఎప్పుడూ డ్రమ్ము అంత కాలేది కాదు. ఇంజను వేడి అనుకున్నాను. నేనూ తిన్నాను ఆ రొట్టెలు, బాగుంటాయి కూడా.

లాభం, రెండు, మూడు

ట్యాంకు జాగలో మా బోర్లు సెప్టెంబరులోనే అయిపోయాయి. పైన నల్లరేగడి, కింద మొరం కలిసిన మట్టి. మూడు మీటర్ల దగ్గర అంకె పద్దెనిమిది. ఆ అంకె చూసే మామూలు పునాది చాలని మా రిపోర్టు చెప్పింది, కింద సంతకం నాది. దాని ప్రకారమే గుంత తవ్వారు, ఇనుము కట్టారు. నవంబరు 19న మేం అక్కడికి పోయింది పంపు గది మూల ఇంకొక చిన్న బోరు కావాలని శిందే అడిగితే. మర్నాడు పొద్దున ఆరింటికి గుంతలో కాంక్రీటు వేస్తారు.

గంగారాం ఇదివరకు నిజామాబాద్ పసుపు మార్కెట్టులో హమాలీ. మూటల లెక్క అలవాటు. ఒకటి అనడు, లాభం అంటాడు. "లాభం, రెండు, మూడు" అని ప్రతి దెబ్బకూ గొంతెత్తి అంటుంటే మీసాలు అదురుతాయి. రజితకు అది భలే నచ్చింది. వాళ్ళమ్మమ్మ వడ్లు కొలిచేటప్పుడు అట్లాగే లెక్కపెట్టేదట. ఇంట్లో చూపిస్తానని ఫోన్లో వీడియో తీసింది. మీసాలు అదరడం నిదానంగా కనబడాలని నిదానం వీడియో పెట్టింది.

అన్నాల దగ్గర కూర్చున్నాక కూడా ఆ పిల్ల రొట్టె ముట్టకుండా ఫోను చూస్తూనే ఉంది.

"ఏంది బిడ్డా, నా మీసాలు మంచిగ వచ్చినయా?" అన్నాడు గంగారాం.

"మీసాలు మంచిగనే వచ్చినయి తాతా. గుండే మంచిగ రాలే."

సాయిలు నవ్వాడు. "మా బావ లెక్కనే గుండు గూడ ముసలిదైంది."

రజిత నవ్వలేదు. లేచి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "సార్, ఈ ఫోను సెకన్ను రెండువందల నలభై బొమ్మలు చేస్తది. డెబ్బై అయిదు సెంటీమీటర్లు ఉత్తగ పడితే తొంభై నాలుగు బొమ్మల్ల కింద పడాలె. మూడుసార్లు లెక్కవెట్టిన. నూట ముప్పై అయిదు వస్తున్నయి."

"ఫోను తప్పు చూపిస్తున్నదేమో."

"నేనూ గట్లనే అనుకున్న. గా మొరం రాయిని అంతే ఎత్తునుంచి ఇడిసి తీసిన. తొంభై అయిదు వచ్చింది."

వీడియో నాకూ చూపించింది. గుండు పడుతున్నట్టు లేదు. బావిలోకి బొక్కెన దించినట్టు ఉంది. పక్కన తాడు డ్రమ్ముకు ఒరుసుకుంటూ సన్నగా పొగలాంటిది లేస్తున్నది.

నా చేతిలో సగం తిన్న రొట్టె ఉంది. డ్రమ్ము వైపు చూశాను, రొట్టె వైపు చూశాను. మట్టిలోకి పోవలసిన బలం నాలుగు నెలలుగా ఎక్కడికి పోతున్నదో అప్పుడు అర్థమైంది. రొట్టె కింద పెట్టి డైరీ తీసి వెనక్కి తిప్పాను. జూలై పేజీ, నా రాత, కింద గీత.

గుండు మెల్లగా పడితే ఎక్కువ దెబ్బలు పడతాయి. ఎక్కువ దెబ్బలు పడితే నేల గట్టిదని రాస్తాం. మెత్తని నేలకు గట్టి నేల అని సంతకం పెట్టి ఇచ్చానేమో. దాని మీద రేపు పొద్దున కాంక్రీటు, తర్వాత నాలుగు అంతస్తుల ఎత్తున నీళ్లు, పక్కన నలభై అడుగుల్లో బడి గోడ.

నిద్ర పోయింది బావా

సాయిలును పిలిచి డ్రమ్ముకు రెండు చుట్లే వేసి గుండు వదలమన్నాను.

"నాతోని కాదు సార్."

"ఒక్క నాలుగు దెబ్బలు."

"కాదు సార్. మూడు వెయ్యి, పట్టు ఇడువకు అని నువ్వే చెప్తివి గదా."

"నేనే చెప్పిన. తప్పు చెప్పిన."

అతను గంగారాం చేతి వైపు చూసి తల తిప్పుకున్నాడు. గంగారాంకు కోపం వచ్చింది. "ఏలు పోయింది నాది. నీదేం పోయింది రా?"

"నిద్ర పోయింది బావా."

సాయిలు ఆ మాట అనేదాకా నాకు తెలియదు, నాలుగు నెలలుగా అతను ఎంత భయంతో ఆ తాడు పట్టుకుంటున్నాడో.

జూలైలో చెయ్యవలసిన పని అప్పుడు చేశాను. రాడ్డు మీద గీతలన్నీ ముందే పెట్టించాను. చుట్టూ ఆరడుగుల దూరంలో సున్నంతో గుండ్రంగా గీత గీయించాను. గుండు లేచాక ఆ గీత లోపల ఎవరూ ఉండకూడదు. పడేముందు నేను "చేతులు" అంటాను, సాయిలు తప్ప అందరూ రెండు చేతులూ పైకెత్తి చూపించాలి. అన్ని చేతులూ కనబడ్డాకే సాయిలు తాడు వదులు చెయ్యాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఆ గంటలో తోచింది.

గంగారాం గీత అవతల నిలబడి చేతులెత్తాడు, తొమ్మిది వేళ్ళూ ఒక సగం వేలూ. "సూస్తున్నవా రా? అన్నీ ఈడనే ఉన్నయి. ఇడువు."

సాయిలు కళ్ళు మూసుకుని తాడు వదులు చేశాడు. చప్పుడు ఠంగుమని లేచింది. గుంతలో ఇనుము కడుతున్నవాళ్ళు తల పైకెత్తి చూశారు. జూలై తర్వాత ఆ చప్పుడు నేను వినలేదు, విననట్టు కూడా నాకు తెలియలేదు. పొద్దటిదాకా మా గుండు చేసింది దప్పుమనే చప్పుడు.

రజిత బొమ్మలు లెక్కపెట్టింది. నూట ఎనిమిది. రెండు చుట్లతో బలంలో నాలుగోవంతు పోతుంది; ఆ మాత్రం పోతుందని ఒప్పుకునే, మేం వాడే లెక్కలు కట్టారు. మూడో చుట్టుతో సగానికి పైగా పోతున్నది. అది ఏ లెక్కలోనూ లేదు.

రమణ సార్‌తో ఫోను

మూడింటికి ఫోను చేశాను. అంతా విన్నారు.

"రెండున్నర రెట్ల భద్రత వేసి ఇచ్చినం గదా. ట్యాంకు ఆగదా?"

"గా రెండున్నర మనకు తెల్వని వాటికి సార్. ఇది మనకు తెలిసిపోయింది."

"ఎన్ని జాగలు?"

"జూలై నుంచి ఏడు. ఆరింట్ల ఇంక గుంతలే తవ్వలే, వాటికి టైముంది. దీనికి లేదు. పొద్దున ఆరింటికి కాంక్రీటు."

"నీకు రిటైరుకు ఇంక నాలుగు నెలలుంది. పేరు చెడగొట్టుకోకు. అది నీ ఒక్కని పేరు కాదు."

"నాకు ఇటుక యాదికొస్తున్నది సార్."

"ఇటుక పగులగొట్టిననాడు నాకు ముప్పై రెండేండ్లు. ఇప్పుడు ఇరవై మంది ఇండ్లు ఈ ల్యాబు మీద నడుస్తున్నయి. ఏం రాయకు. పొద్దున మాట్లాడుదం."

రమణ సార్ చెడ్డ మనిషని ఎవరైనా అనుకుంటే అది నా రాతలో లోపం. నా కింద, నా పైన పనిచేసినవాళ్ళలో అంత తెలిసిన మనిషి లేడు. తెలిసినవాడు కూడా భయపడతాడు. ఆయన పొద్దున అన్నది నిజంగా పొద్దుననే అనుకుని ఉంటారు. కాని మిక్సర్లు వచ్చేదీ ఆ పొద్దుననే.

కొత్తవాళ్ళు నన్ను అడుగుతుంటారు, పై అధికారి వద్దంటే ఏం చెయ్యాలని. నాకు తెలిసిన జవాబు చిన్నది. కాగితం మీద సంతకం మీదైతే, దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత కూడా మీదే. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ధైర్యం మాత్రం కావాలి, అది ఆ రోజు నా దగ్గర ఎక్కువ లేదు. రజిత నా ఎదురుగా నిలబడి చూస్తున్నది కాబట్టి వచ్చింది.

సైట్ రిజిస్టరు

మూడూ యాభైకి శిందే దగ్గర సైట్ రిజిస్టరు అడిగి తీసుకుని రాశాను: "సెప్టెంబరులో మేము ఇచ్చిన దెబ్బల అంకెలు గుండు సరిగా పడనప్పుడు తీసినవి. ఆ రిపోర్టును వాపసు తీసుకుంటున్నాను. మళ్ళీ పరీక్ష అయ్యేదాకా పునాదికి కాంక్రీటు వెయ్యవద్దు." కింద సంతకం, టైము.

శిందేది డెగ్లూర్ వైపు. మరాఠీ యాసతో తెలుగు మాట్లాడతాడు, నన్ను కాకా అంటాడు. రెండుసార్లు చదివాడు.

"మూడు మిక్సర్లు చెప్పినం కాకా. ఎండాకాలం లోపల నీళ్లియ్యాలె. గుంత తెరిచి ఎన్ని రోజులు పెట్టాలె? ఒక్క దెబ్బ గూడ మట్టి మీద కొట్టి చూడకుండ, ఫోన్ల వీడియో చూసి ఆపమంటవా?"

అతను అడిగింది న్యాయమే.

"కొడ్త. పాత రెండో బోరు పక్కనే కొత్త బోరు ఇప్పుడే మొదలువెడ్త. పొద్దున నీ కాంక్రీటు కన్న ముందు, మూడు మీటర్ల కాడ, నీ కండ్ల ముందు కొడ్త."

"పద్దెనిమిదే వస్తే?"

"ఇదే రిజిస్టర్ల తప్పు నాదని రాసి పోత."

"మిక్సర్లనైతే నేను ఆపను. పొద్దున చూద్దాం." రిజిస్టరు చంకలో పెట్టుకుని పోయాడు.

బోరు మొదలుపెట్టాం. నల్లరేగడి గొట్టానికి పట్టుకుని వదలదు. ప్రతి అడుగుకూ బయటికి తీసి కడిగి మళ్ళీ దించాలి. రజిత మోచేతుల దాకా బురదతో కడిగింది. పొద్దు గుంకేసరికి మూడు మీటర్లకు ఇంకో జానెడు మిగిలింది. సాయిలు కానిద్దామన్నాడు. వద్దన్నాను. వెలుతురు పోయాక గుండు ఎత్తకూడదనేది నా పాత నియమం, అందులో చేతులు కనబడితేనే వదలాలని ఆ మధ్యాహ్నమే పెట్టుకున్నాం. బోరు మీద మూత పెట్టి, బోధన్‌లో రాత్రి ఉండిపోయాం. నిద్ర గురించి డైరీలో ఏమీ లేదు.

తెల్లవారి

నవంబరు 20, బుధవారం. ఉన్నవాళ్ళు: నిన్నటివాళ్ళే. అదనంగా మిక్సరు డ్రైవరు.

అయిదున్నరకే జాగ మీద ఉన్నాం. మిగిలిన జానెడు తవ్వి, బోరు కడిగి, గొట్టం దించి, రాడ్ల మీద సుద్ద గీతలు పెట్టేసరికి ఆరూ పది. అప్పుడే చెరకు తోటల నడుమ సందులోంచి మొదటి మిక్సరు వచ్చింది, డ్రమ్ము తిరుగుతూనే ఉంది. వెనక రెండు రోడ్డు మీద ఆగి ఉన్నాయట.

శిందే తన ఫోను నా మొహం ముందు పెట్టాడు. తెల్లవారుజామున రమణ సార్ పంపిన మెసేజి. మా పాత రిపోర్టు సరైనదే, పని కొనసాగించవచ్చు, అని ఉంది.

"రిపోర్టు మీద సంతకం నీదే. రిజిస్టర్ల సంతకం నీదే. ఏది నమ్మాలె కాకా?"

"పది నిమిషాలాగు. రెండూ నమ్మకు."

అతను మిక్సరు డ్రైవరుకు మరాఠీలో ఏదో చెప్పి, వాచీ చూసుకుంటూ వచ్చి సున్నం గీత అవతల నిలబడ్డాడు. సాయిలు తాడు చుట్టాడు. రెండు. నా వైపు చూశాడు. తల ఊపాను.

"చేతులు."

అందరం ఎత్తాం. శిందే కూడా ఎత్తాడు, ఎందుకో తెలియకుండానే. గుండు పడింది. మొదటి అర అడుగు నాలుగు దెబ్బలకు దిగింది, అది లెక్కలోకి రాదు. రజిత పలక మీద కాగితం సరిచేసుకుంది. ఇక అసలు అడుగు.

"చేతులు."

ఠంగు.

"లాభం," అన్నాడు గంగారాం.

జేబులో నా ఫోను మోగడం మొదలైంది. తియ్యలేదు.

"చేతులు."

"రెండు."

మూడు, నాలుగు. ప్రతి దెబ్బకూ సుద్ద గీత కిందికి పోతున్నది, ఎంత పోతున్నదో నా చోటు నుంచి సరిగా కనబడదు. అయిదు. నేల గట్టిగా ఉందేమో, నేనే అందరి ముందూ నవ్వులపాలవుతానేమో అనిపించింది. ఆరు. అట్లా అయినా మంచిదే అనిపించింది, నిజంగా. బడి గోడకు అదే మంచిది. ఏడు. ఫోను ఆగి మళ్ళీ మోగింది. ఎనిమిదికి శిందే కొంచెం ముందుకు వంగాడు. తొమ్మిది. ఇప్పుడు నాకూ కనబడింది: గీతకూ బోరు మూతి గొట్టం అంచుకూ నడుమ నాలుగు వేళ్ళ జాగ ఉంది, అది మూసుకుంటే అడుగు పూర్తి.

"పది."

రెండు వేళ్ళు.

"చేతులు."

ఈసారి చప్పుడు కొంచెం మెత్తగా వచ్చింది. సుద్ద గీత గొట్టం అంచును దాటి లోపలికి పోయింది.

"పదకొండు," అన్నాడు గంగారాం. ఆ తర్వాత లెక్క ఆపేశాడు.

చేతి అలవాటుగా సాయిలు పన్నెండో దెబ్బకు గుండు ఎత్తేశాడు. గీత చూసి అట్లాగే ఆగిపోయాడు, తాడు బిగపట్టి. గంగారాం ఇంజను ఆపాడు. ఇక మిక్సరు డ్రమ్ము తిరిగే చప్పుడు ఒక్కటే.

శిందే గుంతలోకి చూశాడు. నిన్నంతా కట్టిన ఇనుము వరసలు. "పద్దెనిమిది ఉండె," అన్నాడు, నాతో కాదు.

ఫోను మూడోసారి మోగింది. రమణ సార్.

"పదకొండు సార్," అన్నాను.

ఆయన వెంటనే అడిగారు. "ఎన్ని చుట్లు?"

"రెండు."

"ఎత్తు నువ్వే కొలిసినవా?"

"నేనే కొలిసిన."

"ఫోను శిందేకు ఇయ్యి."

శిందే విన్నాడు. "హో సర్. హో," అన్నాడు రెండుసార్లు, అంటే సరే అని. ఫోను నా చేతిలో పెట్టి మిక్సరు దగ్గరికి నడిచి, డ్రైవరును వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు. ఆ సందులో అంత బండి తిప్పడానికి జాగ లేదు. రోడ్డు దాకా వెనక్కే పోవాలి. చెరకు ఆకులకు ఒరుసుకుంటూ, పీం పీం మని హారన్ కొట్టుకుంటూ అది మెల్లగా కనుమరుగైంది. గుంతలోకి ఇద్దరు దిగి ఇనుము కట్లు విప్పడం మొదలుపెట్టారు. రజిత కాగితంలో పదకొండు అని రాసి, సంతకానికి నాకు ఇచ్చింది.

"సార్," అన్నాడు సాయిలు. మొహమంతా చెమట. రెండు చేతులతో తాడు పట్టుకునే ఉన్నాడు. "గుండు పైననే ఉంది. ఇడువాల్నా?"

"వద్దు. దించు. మెల్లగ దించు."

గంగారాం పోయి అతని వెనక నిలబడి తాడు కొస తనూ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బెత్తెడు బెత్తెడుగా వదిలారు. గుండు దిమ్మె మీద కూర్చున్నప్పుడు చప్పుడు కూడా కాలేదు.